పొట్టేలు పరిపక్వత : అతిధ్వనుల సాక్ష్యమునకు విలువ ఎంత?

మందకు పొట్టేలును ఎన్నుకొనుట ఇంటి పిల్లకు సంబంధము చూచుట వంటిదని పల్లెలలో పెద్దలు అనుచుందురు. కాపరి మొదట ఎత్తును చూచును, కాళ్ళను చూచును, పెదవి తెరచి పండ్లను లెక్కించును. చివరకు వెనుకకు వచ్చి, వృషణములను చేతితో పట్టి, రెండును సమముగా నున్నవా, బిగువుగా నున్నవా అని పరీక్షించును. ఈ చివరి పరీక్షకు బలమైన కారణమున్నది. ఒక పొట్టేలును సాధారణముగా 25 నుండి 40 ఆడ గొఱ్ఱెలకు విడుతురు. ఒక ఆడ గొఱ్ఱె గొడ్డుపోయినచో ఆ ఈతకు ఒక పిల్ల నష్టము. పొట్టేలు పనికిరానిదైనచో మంద అంతయు గొడ్డుపోవును. గొఱ్ఱె చూలు కాలము సుమారు 5 నెలలు గనుక, తప్పు జరిగినదని కాపరికి తెలియునప్పటికి అదను దాటిపోవును.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. 2019 పశుగణన ప్రకారము దేశములో సుమారు 7 కోట్ల 43 లక్షల గొఱ్ఱెలుండగా, తెలంగాణములో 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశములో 1 కోటి 76 లక్షలు ఉన్నవి. అనగా దేశములోని గొఱ్ఱెలలో ఇంచుమించు సగము తెలుగు నేలమీదనే మేయుచున్నవి.

ఎదిగిన పొట్టేలును పరీక్షించుట కష్టము కాదు. చిక్కు అంతయు పిల్లతోనే. నాలుగైదు నెలల పోతుపిల్లను మందకు ఉంచుకొనవలెనా, మాంసమునకు అమ్మవలెనా అను నిర్ణయము అది పరిపక్వము కాకముందే చేయవలసి వచ్చును. అమ్మినది తిరిగి రాదు. ఉంచినది పనికి వచ్చునో రాదో తెలియదు. ఇట్టి సందర్భమున అతిధ్వనులతో వృషణములను చిత్రించి, ఆ చిత్రపు తెలుపు నలుపులనుబట్టి పిల్ల ఎంతవరకు పరిపక్వమైనదో చెప్పవచ్చునను వాదము గత మూడు దశాబ్దములుగా బలపడుచున్నది. ఆ వాదములో నిజమెంత, అతిశయోక్తి ఎంత అని విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. నేను భౌతికశాస్త్ర అధ్యాపకుడను, పశువైద్యుడను గాను. కాని ఈ యంత్రము మా శాస్త్రములో పుట్టినది. కావున అది చెప్పగలదేమి, చెప్పజాలనిదేమి అని అడుగు హక్కు మాకు కొంత కలదు.

ఒక చిన్న సంఘటన

కొన్ని సంవత్సరముల క్రిందట మా విద్యార్థులను ఒక పశువైద్య శిబిరమునకు తీసికొని వెళ్ళితిని. అక్కడి వైద్యులు ఒక పోతుపిల్ల వృషణముపై జిగురు పూసి, యంత్రపు గ్రాహకమును ఆనించి, తెరపై బూడిదరంగు బొమ్మను చూపిరి. “ఇది ఇంకను నల్లగా నున్నది. మఱి రెండు నెలలు కావలెను” అనిరి. వారు ప్రక్కకు తిరిగినప్పుడు మా విద్యార్థి ఒకడు కుతూహలము పట్టలేక యంత్రముపైనున్న ఒక మరను త్రిప్పెను. బొమ్మ తెల్లబడెను. “మాష్టారూ, రెండు నెలలు గడచిపోయినవి!” అనెను వాడు. అందఱమును నవ్వితిమి. వైద్యులును నవ్విరి. కాని ఇంటికి వచ్చిన తరువాత నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లవాడు వేసిన పరిహాసములో ఈ విధానమునకు సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న యిమిడియున్నది. ఆ ప్రశ్నను అర్థము చేసికొనుటకు ముందు రెండు సంగతులు తెలిసికొనవలెను: పరిపక్వత అనగా నేమి? యంత్రము నిజముగా చూచునదేమి?

పరిపక్వత అనగా నేమి?

అప్పుడే పుట్టిన పోతుపిల్ల వృషణములలో శుక్రజనక నాళికలు నిజమునకు నాళికలు కావు. నడుమ బోలు లేని సన్నని త్రాళ్ళు. ఒక్కొక్కదాని మందము మిల్లీమీటరులో సుమారు ఇరువదవ వంతు. వాటిలో సెర్టోలి కణములు, వాటి మధ్య ఆదిబీజకణములు ఉండును. పిల్ల పెరుగుకొలది సెర్టోలి కణములు వృద్ధిచెంది, యౌవనారంభమునకు వాటి సంఖ్య స్థిరపడును. ఆపై త్రాళ్ళ నడుమ బోలు ఏర్పడి ద్రవము చేరును. బీజకణములు వరుసలు వరుసలుగా విభజన చెంది శుక్రకణములుగా మారనారంభించును. ఎదిగిన పొట్టేలులో నాళిక మందము మిల్లీమీటరులో సుమారు అయిదవ వంతు, అనగా పుట్టినప్పటికంటె నాలుగు రెట్లు.

ఇది కణజాలములోని పరిపక్వత. కాని శాస్త్రజ్ఞులు యౌవనారంభమును వీర్యమునుబట్టి నిర్ణయింతురు. కోడెదూడల విషయమున 1965లో వుల్ఫ్, ఆల్‌మ్‌క్విస్ట్, హేల్ అను వారు ఒక కొలత నిర్ణయించిరి. ఒకమారు సేకరించిన వీర్యములో కనీసము 5 కోట్ల శుక్రకణములుండి, వాటిలో నూటికి 10 అయినను కదలుచుండవలెను. పొట్టేళ్ళ విషయమునను పలువురు ఇట్టి కొలతనే వాడుచున్నారు.

అయితే యౌవనారంభము వేరు, పూర్తి పరిపక్వత వేరు. మొదటి శుక్రకణములు కనబడిన దినముననే పిల్లను 30 గొఱ్ఱెల మందకు విడుచుట, తొమ్మిదవ తరగతి బాలునకు ఇంటి భారము అప్పగించుట వంటిది. మూడవది మఱియొకటి కలదు. వీర్యము బాగుగ నున్నను పొట్టేలుకు దాటు కోరిక లేకపోవచ్చును, కాళ్ళలో లోపముండవచ్చును. కావున “పరిపక్వత” అను ఒక్క మాటలో కణజాలము, వీర్యము, ప్రవర్తన అను మూడు సంగతులు కలిసియున్నవి. ఏ పరీక్షనైనను మెచ్చుకొనుటకు ముందు అది ఈ మూడింటిలో దేనిని కొలచుచున్నదో అడుగవలెను.

యంత్రము చూచునదేమి?

సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వనిని మన చెవి వినజాలదు. అదియే అతిధ్వని. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో పియరీ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు కనుగొనిరి. దీనికి విపర్యయముగా, విద్యుత్తు నిచ్చినచో అవి కంపించి ధ్వనిని పుట్టించును. మొదటి ప్రపంచయుద్ధ కాలమున లాంజివిన్ ఈ గుణముతో జలాంతర్గాములను పసికట్టు మార్గము చూపెను. 1958లో గ్లాస్గో నగరమున ఇయాన్ డోనాల్డ్, ఆయన సహచరులు గర్భస్థ శిశువును అతిధ్వనులతో చిత్రించిన ఫలితములను ప్రకటించిరి. 1966 నాటికి గొఱ్ఱెల చూలును అతిధ్వనులతో గుర్తింపవచ్చునని తేలినది. 1980 తరువాత కదలికలను వెంటవెంటనే చూపు యంత్రములు వచ్చి, కడుపులో ఒక పిల్లయో రెండు పిల్లలో లెక్కించుట కూడ సాధ్యమైనది. వృషణములవైపు దృష్టి మరలినది ఆ తరువాతనే.

వృషణపరీక్షకు సాధారణముగా 5 నుండి 7.5 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యమును వాడుదురు. మృదుకణజాలములో ధ్వని వేగము సెకనుకు సుమారు 1,540 మీటర్లు. 3 సెంటీమీటర్ల లోతునుండి ప్రతిధ్వని వెనుకకు వచ్చుటకు సెకనులో పదిలక్షవ వంతులు సుమారు 39 పట్టును. యంత్రము ఈ కాలమునుబట్టి లోతును, ప్రతిధ్వని బలమునుబట్టి తెలుపును నిర్ణయించి తెరపై చుక్కలు పెట్టును. ప్రతిధ్వని ఏమియు లేనిచోట నలుపు. బలముగా నున్నచోట తెలుపు. ఈ రెంటి నడుమ బూడిదరంగు మెట్లను సున్న నుండి 255 వరకు అంకెలతో సూచింతురు. చర్మమునకు, గ్రాహకమునకు నడుమ గాలి ఉన్నచో ఇంచుమించు ధ్వని అంతయు అక్కడనే వెనుకకు మరలును. జిగురు పూయుట అందులకే.

ఇప్పుడు పాఠకులు ఒక చిన్న లెక్క చేసి చూడవలెను. వేగమును పౌనఃపున్యముతో భాగించినచో తరంగదైర్ఘ్యము వచ్చును. 1,540 మీటర్లను 75 లక్షలతో భాగించినచో 0.2 మిల్లీమీటరు, 50 లక్షలతో భాగించినచో 0.3 మిల్లీమీటరు. శుక్రజనక నాళిక మందము పిల్లలో 0.05 మిల్లీమీటరు, ఎదిగిన పొట్టేలులో 0.2 మిల్లీమీటరు అని పైన చెప్పుకొంటిమి. తరంగము కంటె చిన్నదియో, దానితో సమానమో అయిన వస్తువును ఆ తరంగముతో విడదీసి చూడలేము. చాప అల్లికను వ్రేళ్ళతో తడిమి తెలిసికొనవచ్చును. పట్టుచీర నేతలోని ఒక్కొక్క పోగును అట్లు తెలిసికొనజాలము. నునుపో గరుకో మాత్రము చెప్పగలము. ఇదియు అట్టిదే.

కావున తెరపై కనబడు బూడిదరంగు చుక్కలు నాళికలు కావు. వేలకొలది సూక్ష్మభాగములనుండి వచ్చిన ప్రతిధ్వనులు ఒకదానితో ఒకటి కలిసియు, రద్దుచేసికొనియు ఏర్పరచిన వ్యతికరణ చిత్రము అది. ఈ సంగతి మఱచి, “నాళికలు నిండుచున్నవి, చూడుడు” అని తెరవైపు వ్రేలు చూపుట శాస్త్రీయము కాదు.

వాదమునకు అనుకూలమైన సాక్ష్యము

నాళికలు విడివిడిగా కనబడకపోయినను, అవి మారినప్పుడు చిత్రపు మొత్తము వర్ణము మారుటకు అవకాశమున్నది. అట్లు మారుచున్నదనుటకు సాక్ష్యమును కలదు. కెనడా దేశమందలి సస్కాటూన్ నగరమున రాలింగ్స్, పియర్సన్ మొదలగువారు కోడెదూడలను, పోతుపిల్లలను పుట్టినది మొదలు వరుసగా పరీక్షించిరి. పోతుపిల్లల జననేంద్రియముల పెరుగుదలపై వారి బృందము 1997లో విపులమైన పరిశోధనను ప్రకటించినది. మొత్తముమీద ఇట్టి పరిశోధనలలో తేలినదేమనగా, చిన్న వయస్సున నల్లగా నున్న వృషణచిత్రము యౌవనారంభము సమీపించుకొలది తెల్లబడును. ఆ పెరుగుదల తిన్నని గీత వలె సాగదు. కొంతకాలము వేగముగను, కొంతకాలము మందముగను ఉండును.

తరువాత అదే దేశములో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయమున బార్ట్‌లెవ్‌స్కీ, ఆయన సహచరులు మఱియొక మెట్టు ఎక్కిరి. వారు తెరపై బొమ్మతో తృప్తిపడలేదు. అదే వృషణమునుండి తీసిన పలుచని ముక్కలను సూక్ష్మదర్శినిలో చూచి, నాళికల వైశాల్యము మొదలగు కొలతలను చిత్రపు వర్ణముతో పోల్చిరి. ఎదిగిన పొట్టేళ్ళలో నేటి వీర్యముతోనే గాక, రాబోవు వీర్యముతో కూడ చిత్రమును పోల్చి 2012లో ఫలితములను ప్రకటించిరి.

ఈ రెండవ ఆలోచన చాల తెలివైనది. పొట్టేలులో ఒక శుక్రకణము తయారగుటకు సుమారు 7 వారములు పట్టును. అది ఎపిడిడిమిస్ గుండా ప్రయాణించి బయటికి వచ్చుటకు మఱి సుమారు రెండు వారములు. అనగా నేడు మనము సేకరించు వీర్యము రెండు నెలల క్రిందట వృషణము చేసిన పని ఫలితము. నేడు వృషణమునకు దెబ్బ తగిలినచో, లేదా ఎండ తాపము సోకినచో, దాని పూర్తి ఫలితము వీర్యములో కొన్ని వారముల తరువాత గాని కనబడదు. వీర్యపరీక్ష నిన్నటి లెక్క చెప్పును. చిత్రము నేటి పరిస్థితి చెప్పవచ్చును. ఈ ఒక్క కారణముచేత ఈ విధానమును చులకనగా తీసివేయరాదు.

నాలుగు ఆక్షేపణలు

సాక్ష్యము ఉన్నదని ఒప్పుకొంటిమి. ఇక దాని బలమును పరీక్షింతము.

మొదటిది, మా విద్యార్థి లేవనెత్తిన ఆక్షేపణ. చిత్రపు తెలుపు వృషణము గుణము మాత్రమే కాదు. యంత్రము గుణము కూడ. వెనుకకు వచ్చు బలహీనమైన సంకేతమును పెద్దది చేయుటకు ఒక మర ఉండును. లోతునుండి వచ్చు వాటిని మఱింత పెద్దవి చేయుటకు ఇంకొక ఏర్పాటు ఉండును. వీటిని మార్చినచో 80 వద్ద నున్న వర్ణసంఖ్య 120 కావచ్చును. జిగురు చాలకపోయినను, గ్రాహకమును గట్టిగా నొక్కినను, ఒక సంస్థ యంత్రమునకు బదులు మఱియొక సంస్థ యంత్రము వాడినను అంకె మారును. మంచి పరిశోధకులు మరలను ఒకచోట బిగించి, అన్ని పిల్లలను ఒకే యంత్రముతో, ఒకే చేతితో పరీక్షింతురు. అట్లు చేసినప్పుడు వారి అంకెలను ఒకదానితో ఒకటి పోల్చవచ్చును. కాని అక్కడి అంకెను తెచ్చి ఇక్కడి యంత్రముపై “ఇంత దాటినచో పరిపక్వము” అని నిర్ణయించుట, ఒక ఊరి మానికతో కొలచిన ధాన్యమును వేఱొక ఊరి మానికతో లెక్కకట్టుట వంటిది. కణజాలమును పోలిన ప్రమాణపు దిమ్మ నొకదానిని ముందుగా చిత్రించి యంత్రమును సరిచూచుకొననంతవరకు ఈ లోపము తీరదు.

రెండవది, వయస్సు చేయు మోసము. ఒకటవ తరగతినుండి పదవ తరగతివరకు విద్యార్థుల ఎత్తును, వారికి వచ్చిన లెక్కలను పోల్చినచో రెంటికిని గాఢమైన సహసంబంధము కనబడును. అంతమాత్రమున పొడగరి బాలుడు లెక్కలలో దిట్ట అని ఏ ఉపాధ్యాయుడును అనడు. రెండును వయస్సుతో పెరుగుచున్నవి, అంతే. పోతుపిల్ల పెరుగుచుండగా దాని బరువు పెరుగును, కొమ్ము పెరుగును, వృషణము పెరుగును, చిత్రము తెల్లబడును, శుక్రకణములు వచ్చును. వీటిలో ఏ రెంటిని తీసికొన్నను సహసంబంధము దొరకును. కాపరికి కావలసినది అది కాదు. ఒకే వారమున పుట్టి, ఇంచుమించు ఒకే బరువున్న పది పిల్లలలో ఏది ముందుగా పరిపక్వమగునో చెప్పవలెను. వయస్సును, బరువును తీసివేసిన తరువాత కూడ చిత్రము క్రొత్త సంగతి ఏదైనను చెప్పుచున్నదా? పరీక్ష అంతయు ఇక్కడనే యున్నది.

సహసంబంధపు అంకెను చదువుటలో కూడ జాగ్రత్త వలయును. ఉదాహరణకు ఆ అంకె 0.7 అనుకొందము. చూచుటకు పెద్దదిగా తోచును. దాని వర్గము 0.49. అనగా పిల్లకు పిల్లకు గల భేదములో సగము మాత్రమే చిత్రముతో కలిసి నడచుచున్నది. తక్కిన సగము దానికి అందుటలేదు. పది పిల్లలపై సగటున నిజమైనది ఒక పిల్ల విషయమున తీర్పు చెప్పుటకు చాలదు. అమ్ముటయో ఉంచుటయో నిర్ణయింపవలసినది మాత్రము ఒక్కొక్క పిల్ల విషయముననే.

మూడవది, తెలుపునకు రెండు అర్థములు. పిల్లలో తెలుపు ఎదుగుదలకు గుర్తు. ముదిసిన లేక దెబ్బతిన్న వృషణములో పీచు కణజాలము పెరిగినను, సున్నము చేరినను తెలుపే వచ్చును. జ్వరమున బుగ్గలు ఎఱ్ఱబడును, ఆరోగ్యమునను ఎఱ్ఱబడును. ఎఱుపును మాత్రము చూచి వైద్యము చేయువాడు వైద్యుడు కాడు. పైగా సగటు అంకె చాల సంగతులను దాచును. ఒక తరగతిలో అందఱికి 50 మార్కులు వచ్చినవి. మఱియొక తరగతిలో సగము మందికి 100, సగము మందికి సున్న. రెండు తరగతుల సగటు ఒకటే. సమానముగా బూడిదరంగులో నున్న వృషణము, నలుపు తెలుపు మచ్చలతో నిండిన వృషణము ఒకే సగటు చూపవచ్చును. మొదటిది ఆరోగ్యము, రెండవది రోగము కావచ్చును. సగటుతో పాటు చుక్కల చెదరికను కూడ ఈనాటి పరిశోధకులు లెక్కించుట ఇందులకే.

నాలుగవది, దేశకాలముల భేదము. శీతలదేశపు గొఱ్ఱెజాతులలో వృషణము పగటి నిడివినిబట్టి పెరుగుచు తగ్గుచుండును. ఎడిన్‌బరోలో లింకన్ మొదలగువారు సోయే జాతి పొట్టేళ్ళపై ఈ సంగతిని విపులముగా నిరూపించిరి. సస్కాటూన్ నగరము 52 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. అక్కడ వేసవిలో పగలు 16 గంటలు దాటును. శీతకాలమున 8 గంటలకు తగ్గును. మన నెల్లూరు సుమారు 14 డిగ్రీల వద్ద ఉన్నది. ఇక్కడ పగలు సుమారు 13 గంటలకు, 11 గంటలకు మధ్యనే ఊగును. ఇక్కడి పిల్ల ఎదుగుదలకు పగటి నిడివికంటె మేత, వాన ముఖ్యము. నెల్లూరు జాతి, దక్కని జాతి పిల్లలు ఏ వయస్సున, ఏ బరువున, ఏ వర్ణసంఖ్య వద్ద పరిపక్వమగునో ఇక్కడనే కొలువవలెను. ఎరువు తెచ్చుకొన్న పట్టిక ఇక్కడ పనిచేయదు.

టేపు చెప్పునది

ఇంత ఖరీదైన యంత్రమును విమర్శించు ముందు, దాని ప్రత్యర్థి ఎవరో చూడవలెను. ఆ ప్రత్యర్థి దర్జీ టేపు. రెండు వృషణములను క్రిందికి దింపి పట్టుకొని, మిక్కిలి వెడల్పుగా నున్నచోట చుట్టుకొలత తీయుదురు. అమెరికాలో వ్యాప్తిలోనున్న ప్రమాణము ప్రకారము 8 నుండి 14 నెలల పొట్టేలుకు కనీసము 30 సెంటీమీటర్లు, 14 నెలలు దాటినదానికి 33 సెంటీమీటర్లు ఉండవలెను. ఇవి అక్కడి పెద్ద జాతులకు చెందిన అంకెలు. వాటిని మన జాతులకు ఉన్నవియున్నట్లు అంటగట్టరాదు. కాని సూత్రము ఎక్కడనైనను ఒకటే. పొట్టేలు వృషణములో ఒక గ్రాము కణజాలము దినమునకు సుమారు 2 కోట్ల శుక్రకణములను ఉత్పత్తి చేయును. కణజాలము ఎంత ఎక్కువయో, ఉత్పత్తి అంత ఎక్కువ.

ఇక్కడ విద్యార్థులు గమనింపవలసిన లెక్క ఒకటి కలదు. ఆకారము మారక చుట్టుకొలత 20 నుండి 30 సెంటీమీటర్లకు పెరిగినచో, అది ఒకటిన్నర రెట్లు మాత్రమే. ఘనపరిమాణము మాత్రము ఒకటిన్నరకు ఘనము, అనగా సుమారు 3.4 రెట్లు పెరుగును. అందుచేతనే టేపుపై చిన్న భేదము పెద్ద భేదమునకు గుర్తు. అందుచేతనే టేపును ఒక సెంటీమీటరు తప్పుగా చదివినను నష్టమే.

అతిధ్వని విధానమును సమర్థించువారు తఱచుగా దానిని శూన్యముతో పోల్చుదురు. “చిత్రముచేత ఇంత తెలిసినది” అందురు. నేను అడుగునది, “టేపుచేత, త్రాసుచేత తెలిసినదానికంటె ఎంత ఎక్కువ తెలిసినది?” అని. అయిదు పది రూపాయల సాధనము చెప్పినదానినే లక్షల రూపాయల యంత్రము మఱల చెప్పినచో, దానికి శాస్త్రవిలువ ఉండవచ్చును గాని మందకు ఉపయోగము లేదు.

అయితే యంత్రము వలదా?

కావలెను. కాని దాని చోటు ఏదో తెలిసి వాడవలెను. టేపు మోసపోవుచోట్లు కలవు. వృషణము చుట్టు నీరు చేరినచో చుట్టుకొలత పెరుగును. టేపు దానిని గొప్ప పొట్టేలుగా లెక్కించును. నీటిలో ప్రతిధ్వని లేదు గనుక చిత్రములో అది నల్లని పట్టీగా బయటపడును. ఎక్కువ దాణా మేపిన పొట్టేలుకు ముష్కకోశపు పైభాగమున క్రొవ్వు చేరును. చేతికి తెలియని భేదమును చిత్రము తెలుపును. ఎపిడిడిమిస్ తోకలో గడ్డలు, చీము, సున్నపు ముద్దలు కనబడును. 1950 ప్రాంతమున న్యూజిలాండు, ఆస్ట్రేలియా దేశములలో గుర్తింపబడిన బ్రూసెల్లా ఓవిస్ అను సూక్ష్మజీవి పొట్టేళ్ళలో ఎపిడిడిమిస్ వాపును కలిగించి మందలను పాడుచేయును. ఇట్టి రోగములవలన కలిగిన మార్పులను కోతకోయకుండ చూపగలుగుట అతిధ్వనుల గొప్పదనము. ఇక్కడ తరంగదైర్ఘ్యపు ఆక్షేపణ వర్తింపదు. గడ్డ తరంగముకంటె ఎన్నో రెట్లు పెద్దది.

కావున నా తీర్పు ఇది. వృషణములో లోపమును పట్టుటలో అతిధ్వని నమ్మదగిన సాక్షి. పరిమాణమును కొలచుటలో టేపునకు మంచి తోడు. పరిపక్వతను నిర్ణయించుటలో మాత్రము అది ఇంకను పరీక్షలో నున్న సాక్షి. దాని మాట వినవచ్చును గాని, దానినిబట్టియే తీర్పు చెప్పరాదు. పిల్లను పరీక్షింపగోరువారు మొదట వయస్సు, బరువు వ్రాసికొనవలెను; తరువాత టేపు; తరువాత చేయి. శిశ్నము చుట్టునున్న తోలునుండి పూర్తిగా విడివడినదా అని చూడవలెను. ఇది యౌవనారంభమునకు పైకి కనబడు గుర్తు. అవకాశమున్నచో వీర్యమును సూక్ష్మదర్శినిలో చూడవలెను. ఇవి ఒకదానితో ఒకటి పొసగనప్పుడు అతిధ్వనిని పిలువవలెను.

ఈ సాక్షిని పూర్తిగా నమ్ముటకు ఎట్టి ప్రయోగము కావలెనో కూడ చెప్పుట విమర్శకుని ధర్మము. ఒకే వారమున పుట్టిన మన జాతి పోతుపిల్లలను తగినన్ని తీసికొనవలెను. ప్రమాణపు దిమ్మతో సరిచూచిన యంత్రముతో వాటిని చిత్రించి, ఏది ముందు, ఏది వెనుక పరిపక్వమగునో ముందుగనే కాగితముపై వ్రాసి ముద్రవేయవలెను. టేపుతోను అట్లే వేఱుగా జోస్యము వ్రాయవలెను. రెండు నెలల తరువాత, ఆ కాగితములను చూడని వేఱొకరు వీర్యమును పరీక్షింపవలెను. అప్పుడు ముద్రలు విప్పి ఎవరి జోస్యము నెగ్గినదో చూడవలెను. చిత్రము నెగ్గినచో ఈ వ్యాసములోని సందేహములను నేను సంతోషముతో వెనుకకు తీసికొందును.

ఉపాధ్యాయులకు ఒక మనవి. యంత్రము లేని పాఠశాలలో కూడ ఈ శాస్త్రమును నేర్పవచ్చును. గ్రామములో ఒక కాపరిని ఒప్పించి, ఆయన పట్టుకొని యుండగా, అయిదారు పోతుపిల్లల బరువును, చుట్టుకొలతను పదునైదు దినములకొకమారు ఆరు నెలలపాటు వ్రాయించుడు. గ్రాఫు గీయించుడు. బరువుతో చుట్టుకొలత ఎట్లు పెరుగుచున్నదో, ఎక్కడ వేగము హెచ్చినదో విద్యార్థులు తామే కనుగొందురు. ఒకే వయస్సు పిల్లలలో భేదమెంతయో వారికి అంకెలలో తెలియును. కాపరి చేతితో తడిమి ఏ పిల్లను ఏరుకొనునో అదియు వ్రాసికొనుడు. ఆరు నెలల తరువాత ఆయన చేయి చెప్పినదానిని టేపు చెప్పినదానితో పోల్చి చూడుడు. మరను త్రిప్పి బొమ్మను తెల్లబరచిన ఆ విద్యార్థి వంటివాడు మీ తరగతిలోను ఒకడుండును. వానిని మందలింపక, మొదటి కొలత వానిచేతనే తీయించుడు.